తల్లిచేతి రిజిస్టరు

తూముపాలెం ఏరియా ఆస్పత్రిలో కాన్పయిన ఆడవాళ్ళ చేతికి బీపీ పట్టీ కడితే బిడ్డ బరువు చూపిస్తుంది. ఇది మిషను లోపం కాదు. లోపమేమోనని మొదట్లో ఆస్పత్రివాళ్ళూ అనుమానపడ్డారు. కంపెనీ నుంచి మెకానిక్ వచ్చి పట్టీ తన చేతికే కట్టుకుని చూశాడు. నూట ముప్పై బై ఎనభై నాలుగు వచ్చింది. వాచ్‌మన్‌కి కడితే నూట యాభై బై తొంభై ఆరు, పెళ్ళికాని ఫార్మసిస్టు అమ్మాయికి కడితే నూట పది బై డెబ్బై. వరండా ఊడ్చే అప్పలనరసమ్మకి కడితే నాలుగు వందల పన్నెండు వచ్చింది. అది ఆమె కొడుక్కి పదో తరగతిలో వచ్చిన మార్కులు. మెకానిక్ మార్కుల లిస్టు తెప్పించి సరిచూశాడు. ఒక్క మార్కు కూడా తేడా లేదు. మిషను భేషుగ్గా పనిచేస్తోందని రాసి, సంతకం పెట్టి, టీ తాగి వెళ్ళిపోయాడు.

తర్వాత అందరికీ అలవాటైపోయింది. బిడ్డకు ఏ వయసులో ఏది చూడాలో మిషను అదే చూపిస్తుంది. అయిదేళ్ళ దాకా బరువు, బడికి వెళ్ళినన్నాళ్ళూ మార్కులు, ఆ తర్వాత బిడ్డ బీపీ. స్టెతస్కోపు పెడితే బిడ్డ ఎక్కిళ్ళు వినిపిస్తాయి. థర్మామీటరులో బిడ్డ జ్వరం వస్తుంది. తండ్రులకు ఈ ఇబ్బంది లేదు. అరడజను మంది పిల్లలున్న తండ్రికి కట్టినా ఆయన బీపీ ఆయనకే వస్తుంది. పరీక్షా ఫలితాలొచ్చే రోజున నెట్ పనిచేయకపోతే బీపీ కౌంటరు దగ్గర తల్లుల క్యూ గేటు దాకా ఉంటుంది. ఒకసారి నూట డెబ్బై ఎనిమిది వచ్చిన ఒకావిడకు పొరపాటున బీపీ మాత్రలు రాశారు గానీ, కొడుకు తప్పాడని తెలిశాక మాత్రలు వెనక్కి తీసుకున్నారు.

కడుపుతో ఉన్నంతకాలం మాత్రం మిషను ఆడమనిషినే చూపిస్తుంది. ఎన్నో కాన్పయినా అంతే, కడుపులో బిడ్డ బయటికొచ్చేదాకా అంకె ఆమెదే. హైమావతిని ఆస్పత్రి మొదటిసారి చూసింది అలాగే.

హైమావతిది బొడ్డవలస. వయసు ఇరవై ఆరు. మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఏడో నెలలో బీపీ నూట అరవై దాటింది. సిస్టర్ ఎస్తేరు ఆమె కార్డు మీద ఎర్ర స్టిక్కరు అంటించింది. ఎర్ర స్టిక్కరంటే ప్రమాదకరమైన గర్భం. ఆ స్టిక్కరు పడ్డాక హైమావతిని పట్టించుకోనివాళ్ళు లేరు. ఏఎన్ఎమ్ రోజూ సాయంత్రం ఫోన్ చేసి కాళ్ళ వాపు ఎలా ఉందని అడిగేది. తలనొప్పి ఉందా, కళ్ళ ముందు మెరుపులు వస్తున్నాయా అని డాక్టర్ కామాక్షి స్వయంగా అడిగింది. అంబులెన్సు డ్రైవరు తన సొంత నంబరు ఇచ్చాడు. తన ఒంటి గురించి ఇంతమంది అడగడం హైమావతికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. లోపల కొంచెం సంతోషం కూడా వేసింది.

ఎనిమిదో నెలలో నూట డెబ్బై ఆరు బై నూట పద్నాలుగు వచ్చేసరికి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, కిలో తొమ్మిది వందలు. మర్నాడు పొద్దున్న ఎస్తేరు హైమావతి చేతికి పట్టీ కట్టింది. మిషను కిలో తొమ్మిది వందలు చూపించింది. ఎస్తేరు తల్లి కార్డు మీది ఎర్ర స్టిక్కరును గోటితో జాగ్రత్తగా ఊడదీసి బిడ్డ కార్డు మీద అంటించింది. డాక్టర్ కామాక్షి వచ్చి కేస్ షీటు చూసింది.

"బీపీ లేదు. మాత్రలు ఆపెయ్యండి. లేని బీపీకి మందు రాయకూడదు."

"తల నొప్పిగానే ఉంది మేడమ్," అంది హైమావతి.

"కాన్పుతో వచ్చిన బీపీ కాన్పుతోనే పోతుందమ్మా. పాపకు పాలు పట్టు," అంది కామాక్షి. ఆమె చెడ్డ డాక్టరు కాదు. అంతకు ముందు రోజు ఒక్కతే ఐదు కాన్పులు చేసింది.

బొడ్డవలసలో హైమావతి తల్లి పైడమ్మ కూతురికి పథ్యం బాగా చేసింది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, వెల్లుల్లి కారం, పాలు పడాలని పాలసొర చేప. ఆశా కార్యకర్త లెక్క ప్రకారం ఏడుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా హైమావతి చేతికి పట్టీ కట్టి, "రెండు కిలోల నూట యాభై, బాగుంది," అనీ, "రెండు కిలోల ఆరొందలు, ఇంకా బాగుంది," అనీ రాసుకుంది. నలభై రెండో రోజుతో రావడం మానేసింది. నలభై రెండు రోజులు దాటితే బాలింత బాలింత కాదని పైనుంచి రాతపూర్వకంగా ఉంది.

ఆ తర్వాత హైమావతికి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడేది కాదు. రెండు దిండ్లు వేసుకుని కూర్చున్నట్టే పడుకునేది. బిందె ఎత్తితే గుండె చెవుల్లో కొట్టుకునేది. పాప టీకాకి వెళ్ళినప్పుడల్లా చెప్పింది. కౌంటరులో ఉన్నవాళ్ళు అప్పుడల్లా పట్టీ కట్టారు. మూడు కిలోల ఎనిమిది వందలు, నాలుగు కిలోల ఐదు వందలు వచ్చాయి. ఆయాసమంటే బిడ్డకేమోనని పాపకు చుక్కల మందు రాసిచ్చారు. ఒకసారి ఆయా ఆమెను పక్కకు పిలిచి మంచి మాట చెప్పింది.

"మళ్ళీ కడుపుతో రా తల్లీ. అప్పుడు నిన్ను సూస్తారు. అంతకన్న దారి నేదు."

హైమావతి ఆ మాట కొట్టిపారెయ్యలేదు. బస్సులో ఇంటికొచ్చేటప్పుడు దాని గురించే ఆలోచించింది. ఇంకో కాన్పు అయితే చచ్చిపోతానేమోనని భయం. కానీ తన గుండె ఎలా ఉందో తెలియకుండా, ఏ రోజు ఏమవుతుందో, ఈ పిల్ల ఎవరి పాలవుతుందో అనుకుంటూ బతకడం అంతకన్నా భయంగా ఉంది. తనకు ఒక్క అంకె కావాలి. తన అంకె.

ఆ అంకె తన తల్లి ఎడమచేతిలో ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. దానికి కారణం ఆ ప్రాంతపు మర్యాద. తూముపాలెం చుట్టుపక్కల ఎవరూ ఎదుటి మనిషికి ఎడమచెయ్యి చాపరు. బీపీ చూస్తామంటే కుడిచెయ్యే ఇస్తారు. సిస్టర్లూ ఆ ఊళ్ళవాళ్ళే గనుక రెండో చెయ్యి అడగరు. ఆస్పత్రి పుట్టినప్పటి నుంచీ అక్కడి రీడింగులన్నీ కుడిచేతివే. పైడమ్మ పాత చీటీలన్నిటి మీదా నూట పద్దెనిమిది బై డెబ్బై ఆరు అని ఉంది. అది విశాఖలో వెల్డింగు పని చేసే ఆమె కొడుకు, హైమావతి అన్న శ్రీరాములు బీపీ.

పాపకు అయిదో నెల నడుస్తుండగా పైడమ్మ గంజి వారుస్తూ కుడిచెయ్యి కాల్చుకుంది. మోచేతి పైదాకా బొబ్బలెక్కింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎందుకని ఆస్పత్రికి వెళ్ళనంది గానీ హైమావతి వినలేదు. కట్టు కట్టాక ఎస్తేరు చీటీ చూసింది. నలభై దాటినవాళ్ళందరికీ బీపీ గడి నింపాలి.

"ఆ చెయ్యి ఇవ్వమ్మా," అంది.

"ఎడం సెయ్యా?" పైడమ్మ చెయ్యి కొంగు కింద దాచుకుంది. "ముష్టోడికి కూడా ఎడం సేత్తో ఎయ్యమమ్మా మేము. సిస్టరమ్మకి సాపుతానేటి?"

"నాకేం పట్టింపు లేదులే. గడి ఖాళీగా ఉంటే నన్ను తిడతారు."

పైడమ్మ మొహం పక్కకు తిప్పుకుని, సిగ్గుపడుతూ ఎడమచెయ్యి ఇచ్చింది. మిషను నూట డెబ్బై ఎనిమిది బై నూట పన్నెండు చూపించింది.

శ్రీరాములుకి ఏమైందోనని కంగారుపడి ఫోన్ చేశారు. అతను ఇడ్లీ తింటున్నాడు, బాగానే ఉన్నానన్నాడు. ఎస్తేరు కాసేపు ఆలోచించి డాక్టర్ కామాక్షిని పిలిచింది. కామాక్షి హైమావతిని మెట్లెక్కి దిగమంది. హైమావతి మెట్లెక్కుతుంటే తల్లి చేతి మీది అంకె నూట తొంభై ఆరుకి పోయింది. పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చోమంటే నెమ్మదిగా నూట డెబ్బైకి దిగింది. విషయం తేలిపోయింది. మొదటి బిడ్డ కుడిచెయ్యి, రెండో బిడ్డ ఎడమచెయ్యి. బిడ్డల్ని కన్న ఆడదాని అంకె ఆమెను కన్నదాని చేతిలో ఉంటుంది. రికార్డుల గుమస్తా సన్యాసిరావు తల పంకించి, "తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను అని పెద్దలు ఊరికే అనలేదు," అన్నాడు.

హైమావతి ఏడ్చింది. అంత పెద్ద అంకె వచ్చినందుకు కాదు, అంకె వచ్చినందుకు.

తర్వాత కాగితాల పని మొదలైంది. చీటీ ఎవరి పేరన రాయాలి అన్నది మొదటి చిక్కు. జబ్బు కూతురిది, చెయ్యి తల్లిది. సూపరింటెండెంటు రెండు రోజులు ఆలోచించి, రీడింగు ఎవరి చేతి మీద వచ్చిందో మందులూ వారికే ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చాడు. పైడమ్మ ఒక నెల రోజులు బుద్ధిగా మాత్రలు వేసుకుంది. హైమావతి బీపీ ఒక్క పాయింటు కూడా తగ్గలేదు. అదేమి చిత్రమో గానీ, ఆ నెలంతా పైడమ్మకు ఒళ్ళు హాయిగా ఉంది. బావి దగ్గర్నుంచి రెండు బిందెలు ఆగకుండా తెచ్చింది. ఎన్నాళ్ళుగానో ఉన్న మెడనొప్పి పోయింది. నెలాఖరున పొరపాటు బయటపడింది. మాత్రలు తల్లి దగ్గర ఆపి కూతురికి ఇమ్మని సవరణ ఉత్తర్వు వచ్చింది. పైడమ్మ మిగిలిన పదకొండు మాత్రలు చీరకొంగులో కట్టి తెచ్చి ఫార్మసీలో అప్పగించింది.

ఆ సవరణతోనే తల్లిచేతి రిజిస్టరు పుట్టింది. అందులో రోగి పేరు, చెయ్యి ఇచ్చినవారి పేరు, కుడి లేక ఎడమ, రీడింగు, రోగి సంతకం ఉంటాయి. చెయ్యి ఇచ్చినవారి సంతకానికి గడి లేదు. నెల తిరిగేసరికి రిజిస్టరులో నూట నలభై మంది ఎక్కారు. తల్లీకూతుళ్ళు జంటలుగా వచ్చేవారు. పొలం గట్టు దగ్గర పోట్లాడుకుని ఆరేళ్ళు మాటల్లేని తల్లీకూతుళ్ళు కూడా ఒకే రిక్షాలో వచ్చి, మాట్లాడుకోకుండానే చెయ్యి ఇచ్చి, చూపించుకుని, మాట్లాడుకోకుండానే వెళ్ళిపోయేవారు. జిల్లా నుంచి వచ్చిన పెద్ద డాక్టరు రిజిస్టరు తిరగేసి, మంచి పద్ధతి, పక్క మండలాలకూ పాకించండి అన్నాడు.

హైమావతికి ప్రతి నెలా రెండో మంగళవారం. పైడమ్మ తెల్లారే వంట చేసి, మనవరాలు హన్వికను చంకనేసుకుని, కూతురితో బస్సెక్కేది. రిజిస్టరు మేడ మీద గదిలో ఉంటుంది. పద్దెనిమిది మెట్లు. మొదట్లో తొమ్మిదో మెట్టు దగ్గర హైమావతి ఆగి ఊపిరి తీసుకునేది, పైడమ్మ వీపు రాసేది. మాత్రలు పడ్డాక హైమావతి ఆగడం మానేసింది. తర్వాత పైడమ్మ ఆగడం మొదలుపెట్టింది.

"ఏటైందమ్మా?"

"నాకేటవుద్దే! రాయినాగున్నాను. గుంట బరువైపోనాది," అనేది పైడమ్మ, పాపను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంటూ.

హైమావతి అడగకుండా ఉండలేదు. ఒక మంగళవారం డాక్టర్ కామాక్షితో గట్టిగానే చెప్పింది. "మా అమ్మకి కూడా చూడండి మేడమ్. నేను పుట్టినప్పుడు అమ్మకి గుర్రపువాతం వచ్చిందంట. కొట్టుకుని కొట్టుకుని నాలుక కరుచుకుందంట. తర్వాత ఎవరూ ఏమీ చూడలేదు."

కామాక్షి పెన్ను ఆపింది. గుర్రపువాతమంటే ఏమిటో ఆమెకు తెలుసు. కాన్పులో బీపీ తలకెక్కి ఫిట్స్ వచ్చినవాళ్ళ గుండె ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత కూడా మొరాయిస్తుందని ఆమె పుస్తకాల్లో చదువుకుంది. పైడమ్మ పాదాలు చూసింది. చెప్పుల పట్టీల దగ్గర కండ ఉబ్బి ఉంది.

"వాళ్ళమ్మ ఉన్నారా?"

"మా అమ్మమ్మ పోయి ఇరవై ఏళ్ళయింది మేడమ్."

"అయ్యో," అంది కామాక్షి. నిజంగానే బాధపడింది. పైడమ్మ మణికట్టు పట్టుకుని నాడి చూసింది. వేళ్ళ కింద హైమావతి గుండె నిలకడగా కొట్టుకుంటోంది. వాచిన కాళ్ళను చూసి మందు రాయొచ్చేమో గానీ, రిజిస్టరులో అంకెకు గడి ఉంది, కాళ్ళకు గడి లేదు. అంకె లేని మనిషి పేరు ఎక్కించబోతే కంప్యూటరు తీసుకోదు. బయట ఇంకా అరవై మంది ఉన్నారు.

"ఉప్పు తగ్గించమ్మా," అని చెప్పింది పైడమ్మకి.

"అలాగే తల్లీ. మా గుంటకి తగ్గినాదా?"

తగ్గుతూనే ఉంది. నూట అరవై, నూట నలభై ఆరు, నూట ముప్పై ఎనిమిది. పాపకు ఏడాది దగ్గరపడుతున్న మంగళవారం నాడు పైడమ్మ మెట్ల మీద మూడుసార్లు ఆగింది. మొహం నిండా చెమట. దవడ లాగేస్తోందంది, నిన్న బియ్యం మూట ఎత్తాను, భుజం పట్టేసిందంది. వెనక్కి వెళ్ళిపోదామని హైమావతి అంటే, వచ్చినోళ్ళం సూపించుకుని ఎల్దాం, మళ్ళీ నెల్దాకా కుదరదు అంది. గదిలో కూర్చుని ఎడమచెయ్యి తనే చాపింది. ఇప్పుడామెకు సిగ్గు లేదు. ఆ చెయ్యి చాపడం ఆమెకు గర్వంగా కూడా ఉండేది.

మిషను నూట ఇరవై రెండు బై డెబ్బై ఎనిమిది చూపించింది.

ఎస్తేరు చప్పట్లు కొట్టింది. డాక్టర్ కామాక్షి లేచి వచ్చి హైమావతి భుజం తట్టింది. అది రిజిస్టరు మొత్తంలో మొదటి నార్మల్ రీడింగు.

"బాగున్నాదా?" అంది పైడమ్మ.

"బంగారంలా ఉంది."

"అయితే సాలు," అని నవ్వింది పైడమ్మ. నవ్వుతూనే కుర్చీలో పక్కకు ఒరిగిపోయింది.

స్ట్రెచరు మీద కింద క్యాజువాలిటీకి తీసుకెళ్ళారు. అక్కడ కొత్తగా చేరిన డ్యూటీ డాక్టరు ఉన్నాడు. ఆలస్యం చెయ్యలేదు. వెంటనే రెండు చేతులకూ పట్టీలు కట్టించాడు. కుడిచేతికి నూట పద్దెనిమిది, ఎడమచేతికి నూట ఇరవై ఎనిమిది. ఈసీజీ తీశాడు. కాగితం మీద కొండలూ లోయలూ తీరుగా వచ్చాయి. విశాఖలో శ్రీరాములు గుండే, పక్కన నిలబడ్డ హైమావతి గుండే రెండూ అందులో ఉన్నాయి. ఇంత చక్కని ఈసీజీ ఈ నెలలో చూడలేదన్నాడు.

"గ్యాస్ అయ్యుంటుంది," అని మాత్ర రాశాడు. "ఎందుకైనా మంచిది, మానిటరు తగిలించి ఉంచండి."

పైడమ్మ ఒకసారి కళ్ళు తెరిచి హన్విక కోసం చూసింది. నర్సు పాపను ఎత్తి చూపించింది. "పాలు పట్టినావేటే?" అంది పైడమ్మ. హైమావతి తలూపింది. ఆ తర్వాత పైడమ్మ మాట్లాడలేదు. ఆమె ఎప్పుడు పోయిందో ఎవరికీ కచ్చితంగా తెలియదు, ఎందుకంటే మానిటరు మీద గుండె కొట్టుకుంటూనే ఉంది.

ముందు హైమావతికే తెలిసింది. తల్లి చెయ్యి చల్లబడింది. ఆమె పెద్దగా అరిచి ఏడ్చింది. ఆమె ఏడుస్తుంటే మానిటరు మీద అంకె నూట యాభై అయింది, నూట డెబ్బై అయింది. డ్యూటీ డాక్టరు పరుగెత్తుకొచ్చాడు.

"మీరు ఏడవకండమ్మా. ఆవిడ బీపీ పెరిగిపోతోంది!"

హైమావతి ఏడుపు ఆపుకోడానికి ప్రయత్నించింది. కాసేపు ఆపుకుంది కూడా. అంకె కాస్త తగ్గింది. డాక్టరు మెరుగవుతోందని రాశాడు. ఎస్తేరు మేడ మీంచి దిగివచ్చి, మానిటరు వైపు చూడకుండా పైడమ్మ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, ఆమె కళ్ళు మూసింది. ఎస్తేరుకి ఇరవై రెండేళ్ళ సర్వీసు.

గీత తిన్నగా వస్తేనే మరణం రాయాలని నిబంధన. పైడమ్మ గీత తిన్నగా రావడం లేదు. పిల్లలిద్దరూ బతికి ఉన్నంతకాలం రాదు కూడా. శ్రీరాములు విశాఖ నుంచి వచ్చేదాకా మూడు గంటలసేపు ఆమె కాగితాల్లో నార్మల్‌గానే ఉంది. హైమావతి మంచం పక్కనే స్టూలు మీద కూర్చుని మానిటరును చూసింది. తల్లి రొమ్ము మీద నుంచి వచ్చిన తీగల్లో తన గుండె నడుస్తోంది. ఏడాదిగా తనకు కావలసినది ఇదే, తన గుండెను తను కళ్ళారా చూడటం. ఇలా చూడాలని కోరుకోలేదు. ఆమెకు తల్లి మీద కోపం వచ్చింది. రాయిలాగున్నానని అన్నిసార్లు అబద్ధం చెప్పినందుకు వచ్చింది. ఆ అబద్ధాన్ని తను నమ్మినందుకు తన మీద అంతకు రెట్టింపు వచ్చింది. అంకె నూట తొంభై ఆరుకి చేరింది.

శ్రీరాములు వచ్చి సంతకం పెట్టాక, పరిస్థితుల దృష్ట్యా అని రాసి మరణం నమోదు చేశారు. తీగలు పీకేముందు సన్యాసిరావు తల్లిచేతి రిజిస్టరు పట్టుకుని కిందికి వచ్చాడు. హైమావతి పేరు ఎదుట చివరి గడి నింపాలి. మానిటరు మీద నూట తొంభై ఆరు బై నూట ఇరవై ఉంది.

"ఇది వెయ్యాలా మేడమ్, పొద్దున్నది వెయ్యాలా?"

ఏడుస్తుండగా తీసిన రీడింగు చెల్లదని అందరికీ తెలిసిందే. "పొద్దున్నది," అంది డాక్టర్ కామాక్షి. ఎస్తేరు తీగలు తీసేసింది. మానిటరు ఖాళీ అయింది.

నెల తర్వాత ఉత్తర్వు వచ్చింది. చెయ్యి ఇచ్చేవారు కాలం చేసిన రోగుల విషయంలో చివరిసారి చెల్లుబాటైన రీడింగునే జీవితాంతం రీడింగుగా పరిగణించాలి. హైమావతికి నూట ఇరవై రెండు బై డెబ్బై ఎనిమిది స్థిరపడింది. నార్మల్ బీపీకి మందు రాయకూడదు గనుక మాత్రలు ఆపేశారు. తమ అంకెలు నూట అరవైల్లో స్థిరపడిపోయిన ఆడవాళ్ళు ఆమెను చూసి, అదృష్టవంతురాలివమ్మా, మంచి రోజున పోయింది మీయమ్మ అనేవారు. హైమావతి మొదట్లో ఒకటి రెండుసార్లు కౌంటరులో వాదించింది. కాళ్ళు వాస్తున్నాయంది, పడుకోలేకపోతున్నానంది. సన్యాసిరావు రిజిస్టరు తిప్పి ఆమె గడి ఆమెకే చూపించాడు. అంకె చక్కని అక్షరాలతో ఉంది. దాని కింద సంతకం తనదే. చూస్తూ చూస్తూ ఆమెకూ ఆ అంకె మీద కొంత నమ్మకం కుదిరింది.

పాపకు పద్నాలుగో నెల వచ్చాక భర్త ఈశ్వర్రావు తీసుకెళ్ళడానికి వచ్చాడు. ఆ రోజు టీకా ఉందని ముందు ఆస్పత్రికి తీసుకొచ్చాడు. తను గేటు బయట బండి మీద కూర్చున్నాడు. లోపల ఎస్తేరు హైమావతి చేతికి పట్టీ కట్టి, అంకె చూసి, హైమావతి మొహం చూసి, మళ్ళీ అంకె చూసి, రాసుకుంది. హైమావతి పాపను ఎత్తుకుని బయటికి వచ్చింది. గేటు దాకా రావడానికి మధ్యలో ఒకసారి గోడ పట్టుకుని ఆగింది. బండి దగ్గరికి వచ్చేసరికి పెదవులు పాలిపోయి ఉన్నాయి. మాట రావడానికి కొంతసేపు పట్టింది.

ఈశ్వర్రావు మంచివాడు. భార్య మొహంలోకి చూసి, ఎప్పుడూ లేనిది మెత్తగా అడిగాడు. "ఎలాగున్నావు, హైమా?"

"తొమ్మిది కిలోల రెండొందలు," అంది హైమావతి.

"బాగుంది," అని ఈశ్వర్రావు సంతోషపడి బండి స్టార్ట్ చేశాడు.